వర్జ్యంలో బయల్దేరిన బస్సు

వాదించి గెలిచిన రోజులు నాకు చాలా ఉన్నాయి. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు కాబట్టి వాటి గురించి రాయను. వాదన గెలిచి, ఆ గెలుపుతో ముప్పైమంది ఆడపిల్లల్ని మిట్టమధ్యాహ్నం ఇనుము ముందు నిలబెట్టిన రోజు మాత్రం ఒకటుంది. బడిపిల్లల్ని బస్సెక్కించి ఎక్కడికో తీసుకెళ్ళి, లెక్క తప్పకుండా తిరిగి దింపే పని ఇప్పుడు మీలో ఎవరి నెత్తినో పడి ఉంటుంది. ఇది వాళ్ళ కోసం.

ఎనభైల మొదట్లో మాట. గోపాలపట్నం వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. పగలు కూడా ఇస్తున్నానని మా హెడ్మాస్టరు ఫిర్యాదు. ఆయన గోదావరి జిల్లా మనిషి, లెక్కల్లో దిట్ట. ఆయన సొరుగులో హాజరుపట్టీ పక్కనే పంచాంగం ఉండేది. స్టాఫు మీటింగు ఏ గంటకు పెట్టాలన్నా ముందు ఆ సొరుగు తెరుచుకునేది. నేను దగ్గేవాణ్ణి. ఆయన సొరుగు మూసేసి, "ఏవండీ నాస్తికుడుగారూ, గొంతు బాలేదా?" అనేవారు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద కారియర్లు విప్పుకునేవాళ్ళం. ఆయన ఆవకాయ నాకు ఎక్కేది. నా వాదన ఆయనకు ఎక్కేది కాదు.

బడి తరపున పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే పనంతా నాది. గాజువాక దాటాక, సముద్రం వైపు దిగే గుట్ట వాలులో, ఓడరేవు కార్మికులు కొందరు తమ తీరిక వేళల్లో పిల్లల కోసం ఒక ఆటస్థలం కట్టారు. బోర్డు మీద 'సాహస క్రీడాస్థలం' అని ఉండేది. పిల్లలు దాన్ని మోకుల తోట అనేవారు. ఓడల్ని గట్టుకు కట్టే లావుపాటి మోకులతో వేలాడే వంతెన, పాత లారీ టైర్లు వరసగా పాతిపెట్టిన సొరంగం, గుట్ట మీంచి కిందికి రేకు జారుడు. అన్నిటికంటే గొప్పది వల. ఓడలోంచి సరుకు దించే వలని రెండు నిలువు దూలాల మధ్య బిగించి కట్టారు. ఎక్కితే కొబ్బరిచెట్టులో సగం ఎత్తు. కింద మెత్తటి ఇసుక.

దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఓడల మీద సరుకు కట్టి దించే పని చేసి రిటైరైన ఖలాసీ. పిల్లలకి తాత. ఆయన వేసిన ముడి ఊడదు, అన్న మాట తిరగదు.

మగపిల్లల్ని రెండేళ్ళు తీసుకెళ్ళాను. మూడో ఏడు జాబితా రాస్తుంటే మా కుట్టుపని టీచరు నా భుజం మీంచి తొంగిచూసి అడిగింది.

"ఆడపిల్లలకి కాళ్ళూ చేతులూ లేవా మాస్టారూ?"

స్త్రీ పురుష సమానత్వం మీద అంతకు ముందు వారమే గంటన్నర మాట్లాడి వచ్చినవాణ్ణి. ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. సభల్లో మాట్లాడటానికి అలవాటుపడ్డ నోరు జాబితా రాసే చేతికి కబురు పంపదనుకుంటాను.

ఆవిడ మాట అడిగి ఊరుకునే మనిషి కాదు. రెండు నెలలపాటు కుట్టు క్లాసులో దిండు గలీబుల మీద పువ్వులు ఆపించేసి, లంగాల కింద వేసుకోడానికి పైజమాలు కుట్టించింది. ఎవరి పైజమా వాళ్ళే. ఒక ఆదివారం తానే వెళ్ళి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, మోకుల వంతెన దాటి, వలెక్కి, టైర్లలో దూరి వచ్చింది. ఎక్కడ కాలు జారుతుందో, ఎక్కడ పెద్దవాళ్ళు నిలబడాలో, ఎంతమందిని ఒకేసారి వదలాలో రాసుకొచ్చింది. నా ప్రణాళిక ఒక కాగితం. ఆవిడది ఒక నోటుబుక్కు.

హెడ్మాస్టరు ఆ నోటుబుక్కు ఆసాంతం తిరగేశారు.

"మగపిల్లాడి చెయ్యి విరిగితే చెయ్యి విరిగిందంటారండీ. ఆడపిల్ల మోకాలు గీసుకుంటే పెళ్ళెలా అవుతుందంటారు. ఊరందరికీ నేను జవాబు చెప్పుకోవాలి. పంపిస్తాను. కానీ ఒక్క పిల్లకి దెబ్బ తగిలినా, నేనున్నంతకాలం ఆడపిల్లల్ని మళ్ళీ పంపను. ఇష్టమైతే వెళ్ళండి."

టీచరు ఒప్పుకుంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు ఈ షరతు గంటలో తెలిసిపోయింది. ఆ వారమంతా వాళ్ళు మెట్లు కూడా జాగ్రత్తగా దిగారు.

ఆటోనగర్లో ఒక చిన్న కర్మాగారం వాళ్ళు తమ బస్సు ఇస్తామన్నారు. పొద్దున షిఫ్టు వాళ్ళని దింపాక ఏడింటికైనా ఇస్తాం, ఆఫీసు వాళ్ళని దింపాక పదిన్నరకైనా ఇస్తాం అన్నారు. నేను కాగితం మీద ఏడు అని రాసుకున్నాను. ఇది బాగా గుర్తుంచుకోండి. నా చేత్తోనే ఏడు అని రాశాను.

తల్లిదండ్రుల మీటింగు పెట్టాం. తండ్రులు షిఫ్టుల్లో ఉన్నారు, వచ్చినవాళ్ళంతా తల్లులే. ఏడంటే కష్టమని, కుళాయి వచ్చే వేళని, పదిన్నర చేయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అప్పుడు గోడ వారన కూర్చున్న ఒకావిడ నోరు విప్పింది. పోర్టులో ఇనుప ఖనిజం రాశుల దగ్గర ఊడ్చే పనికి వెళ్ళే మనిషి. క్లాసులో అందరికంటే పొడుగ్గా ఉండే పిల్ల తల్లి.

"శనివారం పదిన్నరకి వర్జ్యమంట గదా మేస్టారూ. పెందలాడే తీసుకెల్లండి."

హెడ్మాస్టరు సొరుగు దాకా కూడా పోలేదు. "అవునమ్మా, పదిన్నర నుంచి పన్నెండు దాకా," అన్నారు.

నాకు రక్తం మరిగింది. మీకు నవ్వు రావచ్చు. అప్పట్లో వర్జ్యం అన్న మాట వింటే నాకూ, ఎర్రగుడ్డ చూసిన ఎద్దుకీ తేడా ఉండేది కాదు.

"వర్జ్యంలో బయల్దేరితే ఏమవుతుందమ్మా?"

"ఏటవుద్దో నాకేటి తెల్సు బాబూ. పెందలాడే ఎల్లి రండి అంతన్నాను."

"ఏమవుతుందో తెలియనప్పుడు భయమెందుకు?"

తల్లులు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "మీరు సదూకున్నోరు," అని కొంగు సర్దుకుంది. కుట్టు టీచరు పక్కనుంచి నా చొక్కా చెయ్యి లాగింది.

"మాస్టారూ, వర్జ్యం సంగతి వదిలేయండి. పదిన్నరకి బయల్దేరితే అక్కడికి పన్నెండవుతుంది. మార్చి ఎండ..."

"మీరు కూడానా టీచరుగారూ!" అన్నాను, అందరికీ వినపడేలా.

అంత చదువుకున్న మనిషి నోట్లో ఎండ అన్న మాట నాకు వర్జ్యం అన్నట్టే వినిపించింది. ఆవిడ చెయ్యి తీసేసింది. నేను అరగంట మాట్లాడాను. పుట్టే పిల్లలు వర్జ్యం చూసి పుడతారా అన్నాను. ఓడరేవులో ఓడలు వర్జ్యం చూసి ఆగుతాయా అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే కాగితం మీద ఏడు కొట్టేసి పదిన్నర రాశాను. ఒక నమ్మకాన్ని ఓడించడం కోసం, నాకై నేను లెక్కకట్టి పెట్టుకున్న మంచి సమయాన్ని కొట్టేశాను. పంచాంగం చూసి ముహూర్తం పెట్టినవాడికీ, పంచాంగం చూసి దానికి ఎదురు పెట్టినవాడికీ పంచాంగం ఒకటే కదా! ఆ సంగతి అప్పుడు తోచలేదు.

శనివారం. గడియారం చేత్తో పట్టుకుని సరిగ్గా పదిన్నరకి బస్సు కదిలించాను. గది కిటికీలోంచి హెడ్మాస్టరు కూడా గడియారం చూసుకుని, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆయనకి చెయ్యి ఊపాను. దారంతా వర్జ్యం మీద వేళాకోళాలాడాను. పిల్లలు పాటలు పాడారు. కుట్టు టీచరు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చుంది.

పన్నెండుకి పదినిమిషాలుందనగా చేరాం. ఖలాసీ తాత గేటు దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"ఏటి మేస్టారూ, ఈ యేలప్పుడా తెత్తారు? ఆ రేకు మీద అట్టు పోత్తే కాల్తాది."

"కాసేపేనండి. పిల్లలు ఆశపడి వచ్చారు."

"ఆశపడితే ఇనుము సల్లారతాదేటి? పొద్దు సల్లబడ్డాక రండి."

"బస్సు రెండింటికి వెనక్కివ్వాలి."

"సైన్సు మేస్టారు గదా మీరు. ఇనుమెప్పుడు కాల్తాదో నాను సెప్పాలేటి?" అని, ముప్పై పైజమాలు వరసగా నిలబడి తనవైపే చూస్తుంటే కరిగిపోయాడు. "సర్లే, మోకులెక్కనీండి. రేకు జారుడు బందు. వల పైన పైపుంటాది, దాన్ని ముట్టొద్దని సెప్పండి. పైపుకి నాలుగు తాళ్ళు కిందే ఆగి దిగిపోవాల."

సగంమందిని టీచరు వంతెన దగ్గరికి తీసుకెళ్ళింది. సగంమంది వల దగ్గర నాకు మిగిలారు. ముట్టుకోవద్దని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ కారణం చెప్పకుండా ఆజ్ఞలివ్వడం నా సిద్ధాంతానికి విరుద్ధం. అందుకని పిల్లల్ని నీడలో నిలబెట్టి, ఉష్ణవాహకత్వం గురించి మొదలుపెట్టాను. తాడు వేడిని ఎందుకు మోయదు, ఇనుము ఎందుకు మోస్తుంది. బాగానే చెబుతున్నాను. ఇంకో రెండు వాక్యాల్లో పైపు దాకా వచ్చేవాణ్ణి కూడా.

ఈలోగా ఆ పొడుగు పిల్ల వలెక్కేసింది. రెండు నెలలు పైజమా కుట్టిన పిల్లకి ఉష్ణవాహకత్వం వినే ఓపిక ఉంటుందా? మేం తలెత్తేసరికి చిట్టచివరన ఉంది. పైకి చేరాక అందరూ చేసే పనే చేసింది. రెండు చేతులా పైపు పట్టుకుంది.

అరవలేదు. ఒక్క క్షణం ఒళ్ళంతా బిగుసుకుంది. చేతులు వదిలేస్తే అంతెత్తు నుంచి వెల్లకిలా పడుతుంది. వదల్లేదు. కాలితో తాడు వెతుక్కుని, అది దొరికాకే ఒక చెయ్యి తీసింది, తర్వాత రెండోది. మోచేతులు తాళ్ళలో మెలేసుకుంటూ నెమ్మదిగా దిగి వచ్చింది. నేను "శభాష్!" అన్నాను. నాకేమీ అర్థం కాలేదు. మొదటి పిల్ల కొస దాకా ఎక్కి దిగిందని మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల చేతులు లంగా కుచ్చిళ్ళలో దాచుకుని నవ్వింది. తర్వాత ఎక్కినవాళ్ళని తాత వచ్చి నాలుగు తాళ్ళు కిందే దింపేశాడు.

బస్సులో పులిహోర పొట్లాలు పంచేటప్పుడు తెలిసింది. అందరూ తింటున్నారు, ఆ పిల్ల ఒళ్ళో పొట్లం విప్పకుండా కూర్చుంది. టీచరు పక్కన కూర్చుని చెయ్యి లాగి చూసింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కిపోయి ఉన్నాయి.

"టీచరుగారండీ, ఎవుల్కీ సెప్పకండి. సెప్తే మల్లీ పంపరు," అంది పిల్ల. "మిరపకాయ మంట అని సెప్తాను మా అమ్మకి."

తాగడానికి తెచ్చుకున్న కుండలో నీళ్ళన్నీ ఆ చేతుల మీద పోస్తూ గాజువాకలో డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన మందు రాసి కట్టు కట్టి, పది పదిహేను రోజుల్లో తగ్గిపోతుందన్నాడు. టీచరు తన చేత్తో ముద్దలు కలిపి ఆ పిల్లకి తినిపించింది. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. జవాబు చెప్పేవాణ్ణి.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం. తల్లి పని నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కూతురి చేతులు చూసింది, నన్ను చూసింది. "సోమారం ఇస్కూల్కి వొత్తాను," అని మాత్రం అంది.

సోమవారం హెడ్మాస్టరు గదిలో ఐదుగురం. ఆయన, కుట్టు టీచరు, నేను, ఆ తల్లి, ఆవిడ వెనక చేతులకి కట్లతో పిల్ల. బల్ల మీద ప్రయాణాల రిజిస్టరు తెరిచి ఉంది. ఆయన నన్ను దెప్పుతారని, నెగ్గానంటారని తయారై వెళ్ళాను. ఆయన మంచివాడు. నా ముఖం చూసి మెత్తబడ్డారు.

"మీరేం బాధపడకండి మాస్టారూ. వేళ మంచిది కాదు, అంతే. వర్జ్యంలో బయల్దేరడం వల్ల జరిగిందని నోట్ చేసి పెడదాం. మనుషుల తప్పు కాదు కాబట్టి షరతు కూడా వర్తించదు. ఈసారి మంచి వేళ చూసి పంపిద్దాం."

ఆయన కుర్చీ వెనక నిలబడి టీచరు పెదాల మీద వేలు పెట్టింది. ఒప్పుకోండి అని కళ్ళతో బతిమాలింది. నేను మౌనంగా ఉంటే చాలు, ముప్పైమంది పిల్లలు మళ్ళీ వెళ్తారు. పిల్ల చేతుల కట్ల వైపు చూశాను.

"వేళ తప్పు కాదండీ," అన్నాను. "ఏడింటికని రాసి, మొండితనానికి పోయి మార్చింది నేను. టీచరుగారు ఎండ అన్నారు, వినలేదు. పైపు ముట్టొద్దని తాత చెప్పమన్నాడు, చెప్పలేదు. తప్పు నాది."

టీచరు కళ్ళు మూసుకుంది. హెడ్మాస్టరు కలం కింద పెట్టారు.

"అలాగైతే అది నిర్లక్ష్యమవుతుందండీ. దానికి షరతు ఉంది. వర్జ్యమని రాస్తే పిల్లలు వెళ్తారు. మీ తప్పని రాస్తే ఆగిపోతారు. మీరే చెప్పండి, ఏది రాయమంటారు?"

తల్లి వెనక నుంచి పిల్ల తొంగిచూసింది. అబద్ధం రాయించలేను. నిజం రాయిస్తే దాని శిక్ష వాళ్ళకి పడుతుంది.

"ఆయన తప్పు సేత్తే మా గుంటల్ని కూకోబెడతారేటి బాబూ?" అంది ఆ తల్లి. "ఆయన్ని కూకోబెట్టండి."

కూతురి కట్లు కట్టిన చేతుల్ని ముందుకి లాగి చూపించింది.

"గుంటలేటి తప్పు సేసినారు? మా పిల్ల సేతులు కాల్తున్నా ఒగ్గకుండా పట్టుకుని దిగింది గదా. ఆల్లని మల్లీ పంపండి. పెందలాడే పంపండి. ఈ టీచరమ్మని పంపండి. మేస్టార్ని మాత్రం ఇక్కడే కూకోబెట్టండి."

హెడ్మాస్టరుకి నవ్వొచ్చింది. ఆపుకోలేక మళ్ళీ కళ్ళద్దాలు తీశారు. ఆయన పెట్టిన షరతు లెక్క ఆయనకే తప్పుగా కనిపించిందనుకుంటాను. లెక్కల మనిషి, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. కలం తీసుకుని, 'ప్రయాణం తయారుచేసిన మాస్టరు పొరపాటు. తర్వాతి ప్రయాణానికి ఆయన బదులు కుట్టుపని టీచరు' అని రాశారు. నేను కింద సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా పెట్టిన సంతకం మరొకటి లేదు.

బయటికొచ్చాక ఆ తల్లిని అడిగాను. "ఆ రోజు వర్జ్యం అన్నారు గదమ్మా. ఎండ అని ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "రోజూ ఆ ఇనప రాయి మీదే గదా ఉంతన్నాను. ఎండెక్కితే అదెలాగుంటాదో నాకు తెల్దేటి? ఎండని సెప్తే మా మేస్త్రీ ఒల్లు బద్దకమంతాడు. వర్జ్యమంటే కూసేపు ఊరుకుంతాడు. మీరూ అలాగే నా మాటింతారనుకున్నాను. మీరు మా మేస్త్రీ కన్నా పెద్దోరైపోయినారు."

నేను వర్జ్యాన్ని నమ్మలేదు, ఈ రోజుకీ నమ్మను. ఆవిడా నమ్మలేదని నాకప్పుడు తెలిసింది. ఆ రోజు మీటింగులో హేతుబద్ధంగా మాట్లాడిన మనుషులు ఇద్దరున్నారు, ఇద్దరూ ఆడవాళ్ళే. ఒకరు ఎండ అని చెబితే వినలేదు. మరొకరు ఎండ అంటే ఎవరూ వినరని తెలిసి వేరే మాట వాడితే, ఆ మాట మీదే అరగంట ఉపన్యాసమిచ్చాను. మీరూ రేపు ఏ తల్లితోనో వాదిస్తారు. వాదించండి, తప్పు లేదు. దేనికి భయపడుతున్నావమ్మా అని మాత్రం ముందు ఒకసారి అడగండి. నేను ఆవిణ్ణి అడిగానుగా అంటారేమో. అడిగాను, కానీ జవాబు కోసం కాదు, చప్పట్ల కోసం అడిగాను.

పిల్ల చేతులు మానాక, ఒంటిపూట బడులు మొదలవకముందే, ఒక శనివారం ఏడింటికి బస్సు మళ్ళీ బయల్దేరింది. నోటుబుక్కు పట్టుకుని టీచరు ముందు సీట్లో కూర్చుంది. తోడుగా ఒక తల్లి ఉండాలని హెడ్మాస్టరు అంటే, పనికి ఒక పూట సెలవు పెట్టి పొడుగు పిల్ల తల్లే వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. తర్వాత వెళ్ళి టీచరు బదులు కుట్టు క్లాసు తీసుకున్నాను. కాజాలు కుట్టించమని చెప్పి వెళ్ళింది. నా చేతిలో సూది చూసి క్లాసంతా పగలబడి నవ్వింది. బస్సు తిరిగొచ్చేలోపు ఒక్క కాజా కుట్టాను. అందులో ఏ గుండీ దూరదు.

పదకొండున్నరకి బస్సు వచ్చింది. పిల్లలు దుమ్ముకొట్టుకుపోయి, జడలూడిపోయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ దిగారు. టీచరు లెక్క చూసుకుని, ముప్పై అని వేళ్ళతో చూపించి నవ్వింది. పొడుగు పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మా యమ్మ కూడా వలెక్కింది మేస్టారూ! నాకన్నా పైకెక్కీసి దిగనంది. తాత కేకలేసినా దిగనేదు. సముద్రం కనిపిత్తందంట."

ఆవిడ అందరికంటే ఆఖర్న, ఒక చెప్పు చేత్తో పట్టుకుని దిగింది. మోచెయ్యి గీసుకుపోయి ఉంది. షరతు పిల్లలకే గానీ తల్లులకి లేదు కాబట్టి హెడ్మాస్టరుకి చెప్పలేదు. నన్ను చూసి ఆగింది.

"వొచ్చే యేడు మీరూ రండి మేస్టారూ," అంది. "నోరు ఇస్కూల్లో ఒగ్గీసి రండి."